మిల్లు రోడ్డు దగ్గర గీత వంకర

హెగ్,
11 ఏప్రిల్ 2021

తమ్ముడు ఓరిన్‌కి అక్క వెర్నా రాసేది,

నీ ఉత్తరం గురువారం అందింది. పోస్టు తెచ్చే ఆవిడ కారు ఆపి మరీ, "మీ తమ్ముడు చేత్తో రాసిన కవరండీ, ఒంట్లో బాగానే ఉందా ఆయనకి?" అని అడిగింది. నాకూ అదే అనుమానం వచ్చింది. పదిహేనేళ్ళుగా క్రిస్మస్ కార్డు కింద సంతకం తప్ప నీ చేతిరాత నేను చూడలేదు. అరవై మూడేళ్ళ వయసులో ఊరి మీద ఇంత ప్రేమ ఎక్కడి నుంచి పుట్టుకొచ్చిందిరా నీకు? పుట్టిందే చాలు, ఎందుకని అడగను.

వేళ్ళు సహకరించక నేను టైపు మిషను మీదే కొడుతున్నాను. కింద కార్బన్ కాగితం ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఊరి క్లర్కుగా ఉన్నదాన్ని, నకలు లేకుండా నా ఇంట్లోంచి కాగితం బయటికి పోదు.

ఇంటింటి కబుర్లూ రాయమన్నావు కదా, మన మిల్లు రోడ్డుతోనే మొదలుపెడతాను. నా పక్కన డాల్ వాళ్ళ ఇల్లు రెండేళ్ళు ఖాళీగా పడి ఉందా, మార్చిలో అందులోకి ప్రూయిట్ అని భార్యాభర్తలు వచ్చారు. పడమటి తీరం వాళ్ళు. నాలుగు మేకలు, కరెంటుతో నడిచే కారు ఒకటి వెంట తెచ్చుకున్నారు. ఆ పిల్ల క్యాసీ మన చర్చి కింది హాల్లో యోగా నేర్పుతానంటే పాస్టరుగారు వారం రోజులు బుర్ర గోక్కున్నారు. రోడ్డుకి అవతల గన్నర్ బాకెన్ కొత్త పికప్ ట్రక్కు కొన్నాడు. అది గ్యారేజీలో పట్టక గోడ కొట్టించాడు. పాపం ప్రోస్టేట్ బాధ మొదలైంది, సినిమా హాలుకి వెళ్తే సగం సినిమా బాత్రూములోనే గడిచిపోతోందట.

నా సంగతంటావా, ఎడమ మోకాలు మెట్లు దిగనివ్వడం లేదు. డాక్టరు ఆపరేషన్ అంటున్నాడు, నేను చూద్దాం అంటున్నాను. మరదలు జనెల్‌ని అడిగానని చెప్పు.

నీ అక్క,
వెర్నా

---

రాజధాని,
2 మే 2021

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను, అంత బాగుంది.

ఏం పని చేస్తున్నావని అడుగుతావని తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను. పటాలు గీసే పనే. లాయర్ల ఆఫీసులో ఒక గది ఇచ్చారు, దానికి తాళం. ఫోను బయట బుట్టలో పడేసి లోపలికి వెళ్ళాలి. బయట ఎవరికీ చెప్పనని నాలుగు కాగితాల మీద సంతకం చేయించుకున్నారు. ఈమెయిల్‌లో భోజనానికి వెళ్దామా అని కూడా రాయొద్దన్నారు, ఏది రాసినా రేపు కోర్టువాళ్ళు లాక్కెళ్తారట. చేత్తో రాసిన ఉత్తరాన్ని మాత్రం ఈ రోజుల్లో ఎవడూ వెతకడు. అందుకే ఈ పాతకాలపు పద్ధతి పట్టుకున్నాను. మనసులో మాట రాసుకోవడానికి ఇదే హాయి.

ఆ ప్రూయిట్‌ల కారు ఏ కంపెనీది? వాకిట్లో జెండా ఏమైనా కట్టారా? ఆదివారం చర్చికి వస్తారా, లేక యోగాతోనే సరిపెడతారా? గన్నర్ వేటకి వెళ్తున్నాడా ఇంకా? నువ్వు ఆర్లో బావ పాత ట్రక్కే నడుపుతున్నావా? ఊరంటే బెంగ, అందుకే అడుగుతున్నాను. అన్నట్టు, ఊళ్ళో రాజకీయాలు ఎలా ఉన్నాయి?

నీ తమ్ముడు,
ఓరిన్

---

హెగ్,
20 జూన్ 2021

ఓరిన్,

బెంగ పెట్టుకున్నవాడు అమ్మా నాన్నల సమాధుల దగ్గర గడ్డి కోశారా అని అడుగుతాడు, పక్కింటివాళ్ళ కారు కంపెనీ అడుగుతాడేమిటిరా? అయినా నీకు చిన్నప్పటి నుంచీ బళ్ళంటే పిచ్చి కాబట్టి సరే.

కారు పేరు నాకు నోరు తిరగదు, ముందు గ్రిల్లే లేదు దానికి. జెండా లేదు, గాలికి మోగే గంటలు వేలాడదీశారు. చర్చికి రారు. మేకల్లో ఒకటి మాత్రం వచ్చింది, చర్చి పెరట్లో పుల్లటి రూబార్బ్ మొక్కలు తినేసి పోయింది. గన్నర్ వేట మానలేదు. జింక తలలు గోడ మీద పట్టక పికప్ వెనక కిటికీలో ఒకటి పెట్టాడు.

ఆర్లో ట్రక్కు కిందంతా తుప్పు పట్టి పోయింది. చిన్న జపాను కారు కొనుక్కున్నాను, మోకాలు మడవకుండా ఎక్కొచ్చు. మొన్న లైబ్రరీ శనివారాలు మూసేస్తామన్నారు. మీటింగుకి వెళ్ళి, అలా మూసేస్తే గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటానని చెప్పొచ్చాను. మూయలేదు.

రాజకీయాలు ఎలా ఉన్నాయని చివర్లో చిన్న అక్షరాలతో అడిగావు. ఎన్నికల బల్ల దగ్గర కూర్చునేదాన్ని, నా ఓటు ఎటో నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆర్లోకే చెప్పలేదు. ఊళ్ళో వాళ్ళది వాళ్ళనే అడుగు.

మోకాలికి సూది మందు వేశారు. పదిరోజులు పనిచేసింది, తర్వాత మళ్ళీ మామూలే.

వెర్నా

---

హెగ్,
14 నవంబరు 2021

ఓరిన్,

ఆరు నెలలయింది నీ దగ్గర్నుంచి ఉత్తరం లేక. ఊరి మీద ప్రేమ వేసవితోనే అయిపోయిందా?

నీతో ఒక పని పడింది. పదేళ్ళకోసారి అధికారంలో ఉన్న పార్టీ గీయించే అసెంబ్లీ నియోజకవర్గాల కొత్త పటం వచ్చింది. ఊరి క్లర్కుని కాబట్టి నాకో ప్రతి పంపారు. దాన్ని వంటింటి బల్ల మీద పరుచుకుని భూతద్దం పెట్టుకుని చూశాను. ఏ మూర్ఖుడు గీశాడో కానీ, గీత వాగు వెంబడి బుద్ధిగా వస్తూ వస్తూ మిల్లు రోడ్డు దగ్గరికి వచ్చేసరికి వంకర తిరిగింది. ప్రూయిట్‌ల ఇల్లూ నా ఇల్లూ మాత్రం మన అరవై ఒకటో నియోజకవర్గంలోంచి కోసేసి, రైలు పట్టాల పక్కన సన్నటి దారి లాంటిది ఒకటి గీసి, డెబ్బై మైళ్ళ అవతల నగరంలో ఉన్న ముప్పై నాలుగులో కలిపేశాడు. రోడ్డు దాటితే గన్నర్ అరవై ఒకటిలోనే ఉన్నాడు. ఉత్తరాల డబ్బా నాది రోడ్డుకి అటువైపు ఉంది కాబట్టి అది కూడా అరవై ఒకటిలోనే ఉంది. నేను ఒక నియోజకవర్గంలో నిద్ర లేచి ఇంకో నియోజకవర్గంలోకి వెళ్ళి ఉత్తరాలు తెచ్చుకోవాలి.

శుక్రవారం చేపల విందులో ఆ పటం బల్ల బల్లకీ తిరిగింది. "ఇది మీ ఇల్లు కాదు వెర్నా, గీసేవాడికి తుమ్మొచ్చి చెయ్యి జారింది" అన్నాడు గన్నర్. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊరి ఓట్లు లెక్కపెట్టినదాన్ని, ఈ ఊరితో కలిసి ఓటు వెయ్యడానికి పనికిరాకుండా పోయానా?

నువ్వు అక్కడ పటాలు గీసేవాళ్ళ మధ్యే ఉంటావు కదా. ఆ మూర్ఖుడెవరో కనుక్కుని, పొరపాటు జరిగింది, సరిచెయ్యమని చెప్పు. నన్ను మళ్ళీ మా ఊళ్ళో కలిపితే చాలు. అతనికి రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన తీపి రొట్టె ఒకటి పంపిస్తాను.

వెర్నా

---

రాజధాని,
12 డిసెంబరు 2021

అక్కా,

పని ఒత్తిడి వల్ల రాయలేకపోయాను.

నువ్వు చెప్పిన మనిషి గురించి వాకబు చేశాను. అతను మూర్ఖుడేమీ కాదు, ఈ పనిలో చాలా అనుభవం ఉన్నవాడని అందరూ అంటున్నారు. ప్రతి నియోజకవర్గంలోనూ జనాభా సమానంగా ఉండాలని చట్టం. అటూ ఇటూ సర్దేటప్పుడు ఎక్కడో ఒకచోట గీత వంగక తప్పదు. దాన్ని ఇంట్లోవాళ్ళ మీద కోపంగా తీసుకోకూడదు. ఎక్కడ వేసినా ఓటు ఓటే కదా.

ఆ తీపి రొట్టె మాత్రం పంపించు, అతనికి అందేలా చూస్తాను. జనెల్ నిన్ను అడిగింది. క్రిస్మస్ శుభాకాంక్షలు.

ఓరిన్

---

హెగ్,
6 ఫిబ్రవరి 2022

ఓరిన్,

నీ ఉత్తరం వచ్చాక జనాభా లెక్కల పుస్తకం తీశాను. లెక్క జరిగింది 2020 ఏప్రిల్‌లో. అప్పటికి డాల్ వాళ్ళ ఇల్లు ఖాళీ. అంటే కోసి పారేసిన ఆ ముక్కలో లెక్క ప్రకారం ఉన్న జనాభా నేనొక్కదాన్నే. రాష్ట్రంలో అరవై లక్షల మందిని సమానంగా సర్దడానికి ఒక్క ముసలమ్మని బయటికి జరపాల్సి వచ్చిందా అని నాలో నేనే నవ్వుకున్నాను.

తర్వాత నవ్వు ఆగిపోయింది. నా ఇల్లొక్కటే కొయ్యాలంటే గీత నా కంచె దగ్గరే తిరగొచ్చు. ఖాళీ ఇంటిని చుట్టి రావలసిన అవసరమేముంది? ఆ ఇల్లు ఖాళీగా లేదని తెలిసినవాడికే ఆ అవసరం. ప్రూయిట్‌లు ఓటర్ల జాబితాలో చేరింది డిసెంబరులో, చేర్చింది నేనే. పటం వచ్చింది నవంబరులో. అంతకుముందు వాళ్ళ సంగతి, వాళ్ళ మేకల సంగతి, గ్రిల్లు లేని కారు సంగతి రాజధానికి చేర్చిన కాగితం ఒక్కటే ఉంది. దాని కార్బన్ కాపీ తీసి మళ్ళీ చదువుకున్నాను.

ఆ మూర్ఖుడివి నువ్వే.

నాకు కోపం వచ్చింది ఓరిన్, చాలా కోపం వచ్చింది. గీత గీసినందుకు కాదు. అలాంటివాళ్ళు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు, వాళ్ళ చేతికి పెన్సిలు వస్తే వాళ్ళూ ఇదే చేస్తారు. చేత్తో రాసిన కవరు చూసి నా తమ్ముడికి నేను గుర్తొచ్చానని మురిసిపోయాను చూడు, అందుకు.

పటం మీద కేసు వేసిన వాళ్ళ తరఫున డెలానీ అనే లాయరమ్మ మంగళవారం వచ్చింది. మీ దగ్గర దీనికి సంబంధించిన కాగితాలేమైనా ఉన్నాయా అని క్లర్కులందరినీ అడుగుతోంది. లేవని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బిస్కెట్ల డబ్బా తీసుకొచ్చి, నీ ఉత్తరాలూ నా కాపీలూ దానితో సహా ఇచ్చేశాను. నీకు ముందుగా చెప్పడం న్యాయమని రాస్తున్నాను.

వెర్నా

---

రాజధాని,
13 ఫిబ్రవరి 2022

అక్కా,

ఎంత పని చేశావు. నా ఉత్తరాలు కోర్టులో చదివితే చదవనీ, నీవీ చదువుతారు. గన్నర్ ప్రోస్టేటూ, పాస్టరుగారు బుర్ర గోక్కోవడమూ జిల్లా అంతా వింటుంది. అప్పుడు ఆ ఊళ్ళో నీ ముఖం ఎలా చూపించుకుంటావో ఆలోచించావా?

పోయినసారి ఆ సీటు మావాళ్ళు పదకొండు ఓట్లతో గెలిచారు. పదకొండు. అలాంటి చోట ఎవరి ఓటు ఎటో కారూ జెండా చూసి పసిగట్టి, ఒక్కో ఇల్లూ చేత్తో చూసుకోవాలి. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రకారుకి ఇది చేతకాదు. నాకు చేతనయింది కాబట్టే నన్ను పెట్టుకున్నారు.

ఇంకొక్క మాట. నీకు అపకారం చేశాననుకుంటున్నావు, ఉపకారం చేశాను. చిన్న కారు, లైబ్రరీ కోసం పోట్లాట, పక్కన యోగా. నీ మనసు ఎటో నాకు తెలియదా? అరవై ఒకటిలో ఉంటే ప్రతిసారీ ఓడిపోయేదానివి. ముప్పై నాలుగులో మీవాళ్ళు నూటికి డెబ్బై వంతున గెలుస్తారు. నిన్ను తీసుకెళ్ళి నీ మనుషుల మధ్య పెట్టాను.

డబ్బా వెనక్కి తీసుకో. అక్కవి కదా.

ఓరిన్

---

హెగ్,
12 జూన్ 2022

ఓరిన్,

కోర్టులో నువ్వు వెనక తలుపులోంచి వెళ్ళిపోయావు, నేను చూశాను. అందుకని మిగిలింది రాస్తున్నాను.

నా ఏప్రిల్ ఉత్తరం జడ్జిగారు పైకి చదివారు. మధ్యలో ఆగి, కళ్ళజోడు తీసి, "బాకెన్ గారి ప్రోస్టేటు ఈ కేసుకి సంబంధించినదేనా?" అని అడిగారు. మీ లాయరు "ఏమాత్రం కాదండీ" అన్నాడు. డెలానీ "దానికి కాస్త ముందే పికప్ ఉందండీ, అది సంబంధించినదే" అంది. తర్వాత నన్ను బోనులోకి పిలిచారు. ఇవన్నీ మీ తమ్ముడు ఎందుకు అడుగుతున్నాడనుకున్నారని మీ లాయరే అడిగాడు. "ఊరంటే బెంగ అనుకున్నానండీ" అన్నాను. హాలంతా నవ్వింది. నేను అబద్ధం చెప్పలేదు, హాస్యమూ ఆడలేదు.

తీర్పు పేపర్లో చూసే ఉంటావు. ఈ పటం అన్యాయంగా గీసినట్టే కనిపిస్తోందట. అయితే ఎన్నికలు మరీ దగ్గరికి వచ్చాయి కాబట్టి, ఓటర్లు తికమకపడకుండా ఈసారికి అన్యాయంతోనే జరిపించి, తర్వాత తీరిగ్గా విచారిస్తారట. నేను తికమకపడ్డది నిజమే, పటం చూసి కాదు, తీర్పు చదివి.

ముఖం ఎలా చూపించుకుంటావన్నావు. నువ్వన్నట్టే అయింది. చర్చి తర్వాత కాఫీ దగ్గర నాకు కుర్చీ ఖాళీగానే ఉంటోంది, అటూ ఇటూ ఉన్న కుర్చీలు కూడా ఖాళీగానే ఉంటున్నాయి. నేను కనబడగానే జనం వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు. మూడు వారాలు అలా అయ్యాక గన్నర్ తన కప్పు తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. "ఇప్పుడు నేను లేచి వెళ్ళినా ఎందుకని ఎవడూ అడగడం లేదు, నాకు అదొక సౌకర్యం చేశావమ్మా" అన్నాడు. ఆయన పెద్దమనసుకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

క్యాసీ మేకపాల జున్ను తెచ్చిచ్చింది. వరండాలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో రాయను. ఊళ్ళో వాళ్ళ సంగతులు కాగితం మీద పెట్టడం నాకు ఇక చాలు.

నవంబరులో మన హాల్లో రెండు బల్లలు వేయాలి. ఊరందరికీ ఒకటి, మా ముగ్గురికీ ఒకటి. రెండో బల్లకి కూడా ఇద్దరు ఉద్యోగులుండాలని రూలు, పొద్దున్నుంచి రాత్రి దాకా. మోకాలు ఇక ఆగేలా లేదు.

వెర్నా

---

రాజధాని,
16 నవంబరు 2022

అక్కా,

మళ్ళీ రాయడానికి మొహం లేదు, అయినా రాస్తున్నాను.

అరవై ఒకటి పోయింది. మూడు ఓట్లతో. రెండోసారి లెక్కపెట్టించినా మూడే. రాష్ట్రమంతటిలోనూ నేను నా చేత్తో, ఇల్లిల్లూ చూసి గీసిన సీటు అదొక్కటే. మిగతావన్నీ కంప్యూటరు గీసింది, అవన్నీ గెలిచారు. సోమవారం నన్ను పిలిచి, గది తాళం అడిగి తీసుకున్నారు. బుట్టలోంచి నా ఫోను నా చేతికిచ్చి లిఫ్టు దాకా సాగనంపారు.

నాకు అంతుపట్టడం లేదు. ఎక్కడ లెక్క తప్పాను? గన్నర్ లాంటివాళ్ళని ఒక్కరిని కూడా జారనివ్వలేదు. మేకలవాళ్ళని బయటికి పంపాను. నువ్వు ముప్పై రెండేళ్ళుగా ఆ బల్ల దగ్గర కూర్చున్నావు, నీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు ఎవరి కోసమూ అడగడం లేదు, నా కోసమే అడుగుతున్నాను.

ఓరిన్

---

హెగ్,
27 నవంబరు 2022

తమ్ముడు ఓరిన్‌కి,

ఉద్యోగం పోయినందుకు నాకు బాధగానే ఉంది. పటం ఓడినందుకు మాత్రం లేదు.

బల్ల దగ్గర తెలిసినది బల్ల దగ్గరే ఉంటుంది. అయితే కొందరు వాళ్ళంతట వాళ్ళే నలుగురిలో చెప్పుకుంటున్నారు, నీకు చెప్పమని కూడా అన్నారు, అది రాస్తాను.

గన్నర్ మొన్న ఆదివారం కాఫీ దగ్గర అందరూ వినేలా అన్నాడు: "పాలరేటు పడిపోయిన ఏడాది నుంచి వాళ్ళ పార్టీకి ఒక్క ఓటు వేస్తే ఒట్టు. పికప్ చూసి నన్ను వాళ్ళవాణ్ణి అనుకుంటే నేనేం చెయ్యను, ఎరువు బస్తాలు చిన్న కారులో పట్టవు కదా."

క్యాసీ వాళ్ళ నాన్న మీ పార్టీ తరఫునే రెండుసార్లు పోటీ చేసినవాడట. మొగుడూ పెళ్ళాలిద్దరూ పుట్టిన దగ్గర్నుంచీ మీవాళ్ళే. "మేకలున్నాయని మమ్మల్ని వెలివేశాడా ఆయన, మా నాన్నకి పన్నెండు మేకలున్నాయండీ" అని ఆ రోజు వరండాలో అడిగింది. 

ఇంక మూడో మనిషి. ఆమె ఓటు గురించి చెప్పే హక్కు నాకొక్కదానికే ఉంది కాబట్టి, జీవితంలో మొదటిసారి చెబుతున్నాను. యాభై ఏళ్ళుగా అసెంబ్లీకి నేను మీ పార్టీకే వేస్తున్నాను, నాన్న వేసినట్టే. పోయినసారి ఆ పదకొండులో నేనూ ఉన్నాను. ఈసారి కూడా రెండో బల్ల దగ్గర మీవాళ్ళకే వేశాను. పంతం కొద్దీ ఓటు మార్చే మనిషిని కాదు. డెబ్బై మైళ్ళ అవతల నిలబడ్డ ఆయనెవరో ముఖం కూడా చూడలేదు, చిత్తుగా ఓడిపోయాడని రేడియోలో విన్నాను.

నా ఇల్లూ ప్రూయిట్‌ల ఇల్లూ లోపల ఉంచి, గన్నర్ ఇల్లు బయటికి తోసి ఉంటే మీవాళ్ళు ఒక్క ఓటుతో గెలిచేవాళ్ళు. గీతని రోడ్డుకి ఆ పక్కన వంచవలసింది ఈ పక్కన వంచావు.

ఇంత తెలిసీ ముందే ఎందుకు చెప్పలేదంటావేమో. నువ్వు అడగలేదు. ఏ కారు నడుపుతున్నావని అడిగావు, ఏ జెండా కట్టారని అడిగావు. నా ఉత్తరాలు పెన్సిలు పట్టుకుని చదివావు కదా, ఇంట్లో ఉంటే ఒకసారి పెన్సిలు లేకుండా చదువు. చివర్లో మళ్ళీ మళ్ళీ ఒకే సంగతి రాశాను, నువ్వు ఒక్కసారి కూడా దాన్ని గురించి రాయలేదు.

మోకాలికి సెప్టెంబరులో ఆపరేషన్ అయింది. తీసుకెళ్ళింది గన్నర్, ఆ పికప్‌లోనే. ఎత్తుగా ఉందని ఎక్కడానికి ఒక పీట చేయించాడు. వారం రోజులు ప్రూయిట్‌లు వండి తెచ్చారు. ఇప్పుడు మెట్లు దిగుతున్నాను.

నీ అక్క,
వెర్నా